అటక మీది రేకు పెట్టె

నేను ఒక రేకు పెట్టెని. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, ఒకప్పుడు నీలం రంగు. ఇలాంటిది మీ ఇంట్లో మంచం కింద కూడా ఒకటి ఉండే ఉంటుంది. ఒక్కసారి వంగి దాని కింది మూలలు చూడండి, పుణ్యముంటుంది. తుప్పు ఎప్పుడూ మూలల్లోనే మొదలవుతుంది. పెట్టెకి ఇంత భయమేమిటి అంటారేమో. ఒకరి సొత్తు దాచే పని నెత్తిన వేసుకున్నాక ఎవరికైనా భయం తప్పదండీ. కావాలంటే ఏ తల్లినైనా అడిగి చూడండి.

నేను పుట్టింది రాజమండ్రిలో, మౌలాలీ గారి రేకుల కొట్లో. పొద్దున్నే రేకు కత్తిరించారు, మధ్యాహ్నానికి అంచులు మడిచి మూతకి బందులు బిగించారు. ఆఖరి రివిట్టు కొడుతుంటే ఎవరో వీధిలోంచి పిలిచారు. ఆయన తల తిప్పారు, సుత్తి పక్కకి పడింది. కుడివైపు కింది మూలలో ఆవగింజంత కన్నం పడింది. ఆయన నాలుక కరుచుకుని, సీసం కరిగించి మాటు వేసి, పైన రంగు పూసేశారు. "కనపడదులే" అన్నారు. మనుషులకి కనపడకపోతే ఇక లేనట్టే. నాకు మాత్రం ఆనాటి నుంచీ ఆ మూల మీదే ధ్యాస.

నన్ను కొన్నది బుచ్చిరాజు మాస్టారు. గోదావరి పాయ ఒడ్డున, ఏటిగట్టు మీద ఉన్న ప్రాథమికోన్నత పాఠశాల కోసం. సుద్దముక్కల డబ్బాలు, గంట కొట్టే ఇనుప కడ్డీ, ఒక భూగోళం, హాజరు పట్టీలు నా కడుపులో ఉండేవి. పై అధికారి వచ్చే రోజున భూగోళాన్ని బయటికి తీసి తుడిచేవారు. ఆయన జీపు మలుపు తిరగగానే మళ్లీ లోపల పెట్టేసేవారు, పిల్లలు తిప్పి పాడుచేస్తారని. ఆ బడి పిల్లలు ప్రపంచాన్ని ఏడాదికి రెండుసార్లు చూసేవారు, అదీ దూరం నుంచి.

పాయకి అవతల నేరేళ్లలంక. నాలుగు వైపులా గోదావరి, మధ్యలో కొబ్బరి తోటలు, యాభై అరవై ఇళ్లు. అక్కడి పిల్లలు పడవ మీద బడికి వచ్చేవారు. ఆరో తరగతి పట్టీలో పదకొండో నంబరు గుబ్బల మరిడమ్మ. పన్నెండో నంబరు పోసిబాబు, పడవ నడిపే వాళ్ల అబ్బాయి. మాస్టారు నా మూత మీద పట్టీ పెట్టుకుని పేర్లు పిలిచేవారు. మరిడమ్మ పేరు మాత్రం ఆయన ఎప్పుడూ పూర్తిగా పలికిన పాపాన పోలేదు. "గుబ్బల మరి..." అనేసరికే కిటికీ పక్క నుంచి "హాజరండీ!" అని వినపడేది. "నీ పేరు నన్ను పూర్తిగా చదవనిస్తావా లేదా?" అనేవారు మాస్టారు. పిల్లలు నవ్వేవారు. మర్నాడు మళ్లీ అదే.

ఒక శ్రావణంలో నీరు జోరుగా ఉన్న రోజున పడవ పాయ మధ్యలో పక్కకి ఒరిగింది. పిల్లలందరినీ పట్టుకోగలిగారు. పుస్తకాల సంచులు పోయాయి. మరిడమ్మని జడ పట్టుకుని పైకి లాగారట. ఆ మర్నాటి నుంచి పదకొండో నంబరు దగ్గర ఎవరూ పలకలేదు. నెల చూసి మాస్టారు తనే లంకకి వెళ్లారు. తిరిగొచ్చి నా మీద కూర్చుని రెండో పంతులుగారితో అన్న మాట నాకింకా గుర్తే.

"ఆ పిల్ల తల్లి ఏమందో తెలుసా? 'చదువు లేపోయినా అన్నం తింటాదండి మాస్టారూ. పిల్లే లేపోతే ఆ అన్నం ఎవరికి పెట్టుకోనండి?' అంది. పిల్ల గుమ్మంలో నిలబడి, 'పోనీలే అమ్మా' అంది. అంతే."

ఇంకో నెల చూసి ఆయన ఎర్రసిరా కలంతో, స్కేలు పెట్టి, ఆ పేరు మీద గీత గీశారు. తడి ఆరకుండానే పట్టీ మూసి నాలో పడేశారు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ గీతని నేను మోశాను.

*

మాస్టారు రిటైరయ్యే నెలలో గదిలోని పాత సామానంతా బయటికి తీస్తుంటే ఒకామె వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. తడిసిన చీర కుచ్చిళ్లు, గట్టిగా మూసి అప్పుడే తెరిచినట్టున్న కళ్లు.

"మా పూర్ణిమకి గురుకులంలో అయిదో తరగతి సీటొచ్చిందండి. తాళం ఏసుకునే పెట్టొకటి తేవాలని కాయితంలో రాశారండి. తవరి దగ్గర పాతదేదన్నా ఉంటాదేమోనని..."

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చూశారు. "పదకొండో నంబరు కదూ!"

ఆమె తల వంచుకుంది. "గుర్తున్నానాండీ?"

"పడవెక్కి వచ్చావా?"

"కళ్లు మూసుకుని వచ్చానండి" అంది మరిడమ్మ. అది వేళాకోళం కాదు. ఇరవై ఏళ్లుగా ఆమె పడవెక్కితే కళ్లు మూసుకుని, అంచు పట్టుకుని, ఒడ్డు తగిలిందని ఎవరైనా చెప్పేదాకా అలాగే ఉండేది. లంకలో అందరికీ తెలుసు. పోసిబాబయితే ఒడ్డు రాకుండానే "వచ్చేసింది దిగు మరిడీ" అని ఏడిపించేవాడు.

అలా నేను ఆమె దాన్నయ్యాను. నా అడుగున ఒక పాత హాజరు పట్టీ మిగిలిపోయింది. దాని అట్ట దళసరిగా ఉందని, తుప్పు బట్టలకి అంటదని, మరిడమ్మ దాన్ని విప్పి చూడకుండానే అలాగే పరిచి, పైన కేలండరు కాగితం మైదాపిండితో అంటించేసింది. తన పేరు మీద తనే కాగితం అంటిస్తున్నానని ఆమెకేం తెలుసు?

పూర్ణని హాస్టల్లో దింపిన రోజు జాగ్రత్తలు విని నా బందులే బిగుసుకుపోయాయి.

"మూత తీసేటప్పుడు ఏళ్లు నలుగుతాయి, సూసుకో. పెట్టె మీద నుంచోకు, పడితే తల పగులుద్ది. తాళంచెవి నోట్లో పెట్టుకోకు, మింగేస్తావు."

"నాకు పదేళ్లమ్మా. తాళంచెవెందుకు మింగుతాను?"

"ఏమో! నిద్దట్లో ఏం సేత్తావో ఎవుడికి తెలుసు?"

రెండో తాళంచెవిని తన మంగళసూత్రానికి పిన్నీసుతో తగిలించుకుంది. అది ఈనాటికీ అక్కడే ఉంది, తాళం పోయినా.

హాస్టల్లో మా పెట్టెలన్నీ గోడ వారగా వరస. ఆడపిల్లలు నేల మీద కూర్చుని మా మూతల మీద పుస్తకాలు పెట్టుకుని చదివేవారు. ఆరేళ్లు పూర్ణ నా మీదే లెక్కలు చేసింది, సిరా ఒలికించింది, నిద్రపోయింది. సెలవులకి లంకకి వస్తే ఇంటి అరుగు మీద జనం పోగయ్యేవారు. ఒకరికి ఆధార్‌లో పేరు తప్పు, ఒకరికి పింఛను ఆగిపోయింది, ఒకరికి వరద సాయం ఫారం. ఇప్పుడు ప్రతిదానికీ ఒక ఫారం, అది కూడా సెల్‌ఫోన్లో. వేలిముద్ర వేసి నడుపుకొచ్చిన పెద్దవాళ్లు ఆ పిల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చునేవారు. మరిడమ్మ కూడబలుక్కుని చదవగలదు కాని, ఫారం అనేసరికి ఆమెకి అక్షరాలు అలుక్కుపోతాయి. ఎక్కడ ఏ గడి తప్పుతుందో, దాంతో ఏ కొంప మునుగుతుందో అని. కూతురు మాత్రం తేగ నములుతూ టకటకా నింపేసేది. తలుపు చాటు నుంచి ఆ వేళ్లకేసి చూస్తూ ఉండేది తల్లి. ఆ చూపులో గర్వం పావు వంతు. మిగతా మూడు వంతులు, ఈ చదువు మధ్యలో ఏదో వచ్చి ఆగిపోతుందన్న బెంగ.

పూర్ణ పదో తరగతి బాగా పాసయింది. పాలిటెక్నిక్ పరీక్షలో మంచి ర్యాంకే వచ్చింది. కరెంటు చదువు చదువుతానంది. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు.

"షాకు కొడతాదేమో!" అంది తల్లి.

"కొట్టకుండా సూసుకోటమే ఆ సదువు" అన్నాడు తండ్రి ధర్మారావు. ఆయన కొబ్బరి దింపు మనిషి. కిందటేడు చెట్టు మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకుని, కుంటుతూనే కబుర్లు చెబుతుంటాడు.

మార్కుల పత్రం, టీసీ, చదివిన బళ్ల సర్టిఫికెట్లు, అన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో చేరాయి. ఇక మొదలైంది. చెదలు పడతాయని ఆ కవరు దేవుడి పటం వెనక్కి వెళ్లింది. దీపం అంటుకుంటుందని బియ్యం డబ్బాలోకి. ఎలకలని తలగడ కిందికి. ఇంటిల్లిపాదీ ముట్టకూడదు.

"నువ్వు దాసేవంటే దేవుడొచ్చి ఎతికినా దొరకదే" అనేవాడు ధర్మారావు.

"దొరక్కూడదనే దాసేను" అనేది ఆమె.

*

ఆషాఢం చివర్లో గోదావరి ఎర్రబడింది. మొదటి ప్రమాద హెచ్చరికకి లంకవాళ్లు ఎవరూ కంగారుపడరు, ఏటా ఉండేదే. రెండోది రాగానే అందరిళ్లలోనూ ఒకటే పని. విలువైనవి పెట్టెలో పెట్టి అటక ఎక్కించడం, దూలానికి తాడుతో కట్టడం, చేతికి ఒక మూట కట్టుకుని గట్టు మీదికి పోవడం. రెండు రోజుల్లో నీరు తీస్తుంది, వచ్చి ఒండ్రు కడుక్కుంటారు. నన్నూ అలాగే అటక ఎక్కించారు. కాగితాల కవరు మాత్రం మూటలో ఉంది. సీటు సంగతి వచ్చే వారం తేలుతుందని పూర్ణ చెప్పింది.

పడవ గుమ్మం ముందుకొచ్చింది. ధర్మారావూ పూర్ణా ఎక్కేశారు. మరిడమ్మ మూట పట్టుకుని ఆ తడి బల్లకేసి చూసింది. అది ఒరిగినట్టు, మూట జారినట్టు, కవరు తేలుతూ పోతున్నట్టు, పడవ ఎక్కకముందే ఆమెకి అంతా జరిగిపోయింది.

"దీపం కొండెక్కించి వత్తాను, ఉండండి" అని లోపలికొచ్చింది. నిచ్చెన ఎక్కింది. మెడలోని తాళంచెవితో నన్ను తెరిచింది. చీరల కింద, అన్నిటికన్నా అడుగున, కుడివైపు మూలలో కవరు పెట్టింది.

కుడివైపు మూల!

నేను అరవగలిగితే ఆ రోజు అరిచేదాన్ని. 'అక్కడ కాదు తల్లీ, అది నా మాటు వేసిన చోటు, పైన పెట్టు, చీరల మీద పెట్టు!' ఆమె నా మూత మీద చెయ్యి వేసి, దండం పెట్టుకుని, తాళం వేసి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

మొదటి రోజు నీరు గుమ్మం దాటింది. రెండో రోజు పొయ్యి గట్టు మునిగింది, ఒక చెంబు తేలుతూ గోడకి టంగు టంగుమని కొట్టుకుంది. ఆ ఏడు నీరు తియ్యలేదు. మూడో హెచ్చరిక కూడా దాటింది. మూడో రోజు కిటికీ పైకి వచ్చింది. పటాలు ఒక్కొక్కటే జారిపోయాయి. నాలుగో రోజు పొద్దున అటక చెక్కల సందుల్లోంచి చల్లటి ఆవిరి కొట్టింది. నా కింద నీళ్లు, జానెడు దూరంలో.

*

గట్టు మీద జరిగింది నేను చూడలేదు. తర్వాత మరిడమ్మ నా పక్కన కూర్చుని ఎన్నోసార్లు చెప్పుకున్నది చెబుతున్నాను.

ఆ నాలుగో రోజు పొద్దున్నే టార్పాలిన్ గుడారంలో పూర్ణ ఫోనులో మెసేజు మోగింది. సీటొచ్చింది, కాకినాడలో. పిల్ల ఎగిరి గంతేసింది. అంతలోనే కింద ఉన్న వాక్యం చదివి ఆగిపోయింది. అదే రోజు సాయంత్రం అయిదు గంటల్లోగా అసలు సర్టిఫికెట్లతో కాలేజీలో హాజరు కావాలి. లేకపోతే సీటు రద్దు. ఆ మాట రెండు రోజుల కిందటే వచ్చిందట. లంక చుట్టూ టవర్లు పనిచెయ్యక ఇప్పుడు అందింది. కాలేజీకి ఫోను చేసింది. "వరదైనా ఏదైనా కంప్యూటర్ అయిదింటికి మూసేస్తుందమ్మా, మా చేతుల్లో లేదు" అన్నారు.

"పర్లేదమ్మా, బస్సులో రెండు గంటలు. టైముంది. కవరియ్యి."

మరిడమ్మ చెయ్యి మెడలోని తాళంచెవి మీదికి వెళ్లింది.

"అమ్మా, కవరు."

"ఇంటికాడుంది" అంది ఆమె.

ధర్మారావు నవ్వాడు. పెళ్లాం మొహం చూసి ఆపేశాడు. "మూటలో కదే పెట్టింది?"

"తీసేను. పడవలోంచి పడిపోద్దేమోనని. పెట్లో పెట్టేను."

ఎవరైనా తిట్టినా బాగుండేదని మరిడమ్మ ఇప్పటికీ అంటుంది. పూర్ణ కాసేపు వరద నీళ్లకేసి చూసి, ఫోను ఒళ్లో పెట్టుకుని, మెల్లిగా అంది.

"పోనీలే అమ్మా. వచ్చే ఏడు మళ్లీ రాస్తాను."

ఆ మాట మరిడమ్మ ఇంతకుముందు ఒకసారి విన్నది, తన నోటి నుంచే. గుమ్మంలో నిలబడి, పదకొండేళ్లప్పుడు. ఆ తర్వాత వచ్చే ఏడు అనేది రానేలేదు.

ఆమె లేచి చీర కుచ్చిళ్లు ఎగదోపింది. గట్టు దిగువన పోసిబాబు పడవ కట్టేసి కూర్చుని ఉన్నాడు.

"పోసిబాబూ, నన్ను మా ఇంటికాడికి తీసుకెల్లు."

"ఏవన్నా తిన్నావా పొద్దున్న? మతుండే మాటాడుతున్నావా?" అన్నాడతను. "పడవలు ఇప్పొద్దని పోలీసోళ్లు సెప్పేరు. ఇల్లేడుంది అక్కడ? కప్పు కనపడతాంది, అంతే. దుంగలు కొట్టుకొత్తన్నాయి."

"కప్పు సాలు. పెట్టె అటక మీదుంది."

"నేనెల్లి తెత్తాలే, తాళంచెవియ్యి."

"పెంకు ఎక్కడ తియ్యాలో, దూలానికి ఎక్కడ కట్టేనో నీకేం తెలుసు? అది నాకే తెలుసు. దాసింది నేను."

ధర్మారావు కుంటుతూ వచ్చాడు. "నేనెల్తానే."

"ఆ కాలేసుకుని కప్పెక్కుతావా? పాపని పట్టుకో. గట్టు దిగిందంటే నా మీద ఒట్టే."

పోసిబాబు ఆమెని ఎగాదిగా చూశాడు. "మరిడీ, నువ్వు పెద్ద పంటు పడవలో రేవు దాటమంటేనే కళ్లు మూసుకునే మనిషివి. నడిపాయలో నువ్వు బిగుసుకుపోతే నేను గెడ పట్టుకోనా, నిన్ను పట్టుకోనా?"

"ఆ రోజు పడవలో నువ్వూ ఉన్నావు కదరా" అంది ఆమె. "నీ సంచీ పోయింది, నా సంచీ పోయింది. నువ్వు మర్నాడు పొలోమని బడికెల్లిపోయేవు. నేనెల్లలేదు. ఇయ్యాల నన్ను దాటించు. ఇంకెప్పుడూ అడగను."

పోసిబాబు తాడు విప్పాడు.

*

ఇక్కడ నా పరిస్థితి చెబుతాను. జానెడు దూరం బెత్తెడయింది, బెత్తెడు రెండు వేళ్లయింది. తర్వాత చెక్కల మీదికే వచ్చేశాయి నీళ్లు. రేకుకి చల్లగా తగిలాయి. ముప్ఫై ఏళ్ల కిందటి మాటు. మౌలాలీ గారూ, ఎవరు పిలిచారు మిమ్మల్ని ఆ మధ్యాహ్నం? ఎందుకు తల తిప్పారు?

కాసేపు ఆగింది మాటు. తర్వాత సీసం కింద ఏదో కదిలినట్టయింది, పన్ను ఊడే ముందు కదిలినట్టు. ఒక చుక్క లోపలికి వచ్చింది. ఇంకొకటి. మొదట తడిసింది అడుగున ఉన్న పట్టీ. అట్ట తాగినన్ని నీళ్లు తాగింది, ఉబ్బింది. ఉబ్బి, పైన ఉన్న కవరుని వేలెడు పైకి లేపింది. ఆ ముసలి పట్టీయే లేకపోతే కవరు అప్పటికే నీళ్లలో పడుకునేది. అయినా ఎంతసేపు? కవరు మూతికి చుట్టింది రబ్బరు బ్యాండే.

పట్టీ కూడా మునిగింది. నీరు కవరు అంచు దగ్గరికొచ్చింది.

అప్పుడు కప్పు మీద చప్పుడైంది. పెంకు జరిగిన చప్పుడు. ఒకటి, రెండు, నాలుగు. నాలుగు రోజుల తర్వాత నా మీద వెలుగు పడింది. ఆ వెలుగులోంచి గాజులున్న చెయ్యి ఒకటి కిందికి దిగింది, గాల్లో తడిమింది, నా పిడిని పట్టుకుంది.

"దొరికింది! పోసిబాబూ, దొరికింది!"

"బేగా కానీ! పడవ నిలవట్లేదు!"

ఆమె పెంకుల మీద బోర్లా పడుకుని, నడుము దాకా లోపలికి వంగి, మెడలోని తాళంచెవి తాళంలో పెట్టింది. తిరగలేదు. ఒండ్రు పట్టేసింది. మళ్లీ తిప్పింది. చెవి వంగింది. నా పైన ఆమె ఊపిరి కొలిమి తిత్తిలా కొట్టుకుంటోంది. దూలం మీద చుట్టుకుని ఉన్న పాము ఒకటి తల ఎత్తి చూసింది. మామూలు రోజయితే లంకంతా వినపడేలా అరిచే మనిషి, దానికేసి ఒకసారి చూసి, "నీకూ ఇల్లు మునిగిందేటే" అని మళ్లీ తాళం మీద పడింది.

"కత్తియ్యి!"

కొబ్బరికాయలు కొట్టే కత్తి పైకి వచ్చింది. ఆమె దాని మొన నా గొళ్లెం కింద దూర్చింది. ముప్ఫై ఏళ్లు ఎవరి చేతికీ లొంగని గొళ్లెం అది. నన్ను అడిగితే నేనే ఊడిపోయేదాన్ని, కాని రేకుకి ఊడటం చేతకాదు కదా, పగలాలి. ఆమె కత్తి మీద ఒళ్లంతా వేసింది. గొళ్లెం ఎగిరిపోయింది. దాంతో పాటే మూత అంచు చీరుకుపోయి, ఒక బందు తెగింది. మంచిదే అయింది. అంత హాయిగా నేను ఎప్పుడూ తెరుచుకోలేదు.

చీరలు విసిరేసింది. చెయ్యి అడుగుకి వెళ్లింది. నీళ్లు తగలగానే ఆమె ఒక్కసారి కదలకుండా ఆగిపోయింది. ఏం తలుచుకుందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే తలుచుకున్నాను. తర్వాత కవరు బయటికి వచ్చింది. ఒక మూల మాత్రం తడి. ఆమె దాన్ని రవికలో దోపుకుంది.

ఆ తర్వాత నాకు మాటలే వినిపించాయి, క్రమంగా దూరమవుతూ. గెడ నీళ్లలో పడుతున్న చప్పుడు. పోసిబాబు గొంతు: "దుంగొత్తాంది, వంగు! మరిడీ, కళ్లు తెరు!"

"తెరిసే ఉన్నానురా! ఎడం పక్కకి లాగు! నువ్వు సూసుకో ముందు!"

*

నాలుగూ నలభైకి కాకినాడలో తల్లీకూతుళ్లు కాలేజీ కిటికీ ముందు నిలబడ్డారు. మరిడమ్మ చీర అప్పటికి ఒంటి మీదే ఆరిపోయింది, ఒండ్రు మరకలతో. గుమస్తా టీసీ మూల తడిసిందని ముక్కు చిట్లించి, ఫ్యాను కింద పట్టుకుని, సంతకం చెదరలేదు కదా అని మూడుసార్లు చూశాడట. నడిపాయలో ఉన్నప్పటి కన్నా అక్కడే ఎక్కువ భయమేసిందంటుంది మరిడమ్మ. ముద్ర పడ్డాక కూతురు సంతకం పెడుతుంటే, "సరిగ్గా రాయి, తప్పు పడతాదేమో" అందట. పూర్ణ నవ్వుతూ ఏడ్చిందట.

నీరు తియ్యడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది. నన్ను అటక మీద నుంచి దింపి పెరట్లో ఎండలో పెట్టారు. మూత వంకర, గొళ్లెం లేదు, మూలన వేలు పట్టేంత కన్నం. ఆ వారంలోనే లంకలోకి పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. వరద పోగానే వస్తారు వాళ్లు. నన్ను కాలితో తట్టి, "ఇది ఇచ్చేయమ్మా, దేనికీ పనికిరాదు" అన్నాడు. మరిడమ్మ వాణ్ని అలా చూసిందంటే, బేరం లేకుండానే వెళ్లిపోయాడు.

పూర్ణ హాస్టలుకి వెళ్లే ముందు రోజది. నన్ను కడుగుదామని వచ్చి, అడుగున నానిపోయిన కేలండరు కాగితం పీకింది. దాని కింద పట్టీ, నీళ్లు తాగి దిండులా ఉంది. పారేయబోతూ ఎందుకో విప్పింది. పేజీలు అతుక్కుపోయాయి. ఒక్కొక్కటీ మెల్లిగా విడదీసి ఎండకి పెట్టింది. పేర్లు, నంబర్లు, గళ్లు. మాస్టారు బాల్‌పెన్నుతో రాసిన పేర్లు అలాగే ఉన్నాయి. ఒక చోట పిల్ల వేలు ఆగింది.

నేను పాతికేళ్లకు పైగా మోసిన గీత అక్కడే ఉండాలి. కలం సిరా కదా, వరద నీళ్లకి కరిగిపోయింది. ఆ వరస పొడుగునా లేత గులాబీ మరక మిగిలింది, అంతే.

నాలుగడుగుల దూరంలో మరిడమ్మ ఇటు వీపు పెట్టి కూర్చుని, గిన్నెలకి పట్టిన ఒండ్రు బూడిదతో తోముతోంది. రేపటి బస్సు గురించి గొణుగుతోంది, డ్రైవరు ఎలాంటివాడో, బ్రేకులు చూసుకున్నాడో లేదో అని.

పూర్ణ పట్టీని నా వంకర మూత మీద పెట్టుకుంది. గొంతు సవరించుకుని, పంతులమ్మలా పైకి చదవడం మొదలుపెట్టింది.

"పదకొండు. గుబ్బల మరి..."

"హాజరండీ!"

గిన్నె మీద చెయ్యి ఆగిపోయింది.